గురువుని ఒప్పుకునే ముందు ఎలా పరీక్షించాలి

డాక్టరుకి డిగ్రీ ఉంటుంది, లాయరుకి సనదు ఉంటుంది. ఆధ్యాత్మిక గురువుని అలాంటి కాగితం అడిగే చోటు దాదాపు ఎక్కడా ఉండదు. నాలుగు మాటలు బాగా చెప్పగలిగి, వినేవాళ్ళు పది మంది దొరికితే ఎవరైనా ఆ పీట మీద కూర్చోవచ్చు. కూర్చున్న మనిషికి ఆ అర్హత ఉందో లేదో తేల్చుకునే పని తిరిగి తిరిగి మన మీదే పడుతుంది. ఆ పని ఎలా చేయాలో ఒక వరుసలో చెప్తాను. వరుస అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, మొదటిది మాత్రం మొదటే చేయండి.

మొదట మొహమాటం వదిలించుకోండి

గురువుని పరీక్షించడమేంటి, అపచారం కాదా అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తమాషా ఏంటంటే, మనం ఎవరి పేరు తలుచుకుని భయపడతామో ఆ పెద్దలే పరీక్షించమన్నారు.

పాళీ భాషలోని బౌద్ధ గ్రంథాల్లో వీమంసక సుత్తం అని ఒకటుంది. అందులో బుద్ధుడు భిక్షువులకి తనని ఎలా పరీక్షించాలో తనే నేర్పుతాడు. కంటికి కనబడే నడతలో, చెవికి వినబడే మాటలో మలినం ఉందేమో చూడమంటాడు. ఈ మంచి నడవడి చాలాకాలంగా ఉన్నదా, ఈ మధ్యే వచ్చిందా చూడమంటాడు. పేరు ప్రఖ్యాతులు వచ్చాక మనిషిలో ఏదైనా చెడిందేమో అది కూడా చూడమంటాడు. ఈ చివరిది ఈ రోజుల్లో మరీ పనికొస్తుంది. చిన్న గదిలో ఇరవై మందికి చెప్పినప్పుడు బాగున్న మనిషి, ఇరవై వేల మంది వచ్చాక అలాగే ఉంటాడని గ్యారంటీ లేదు.

గీత నాలుగో అధ్యాయంలో జ్ఞానుల దగ్గర ఎలా నేర్చుకోవాలో చెప్పే శ్లోకంలో మూడు మాటలుంటాయి: ప్రణిపాతం, పరిప్రశ్న, సేవ. అటు నమస్కారాన్నీ ఇటు సేవనీ గట్టిగా చెప్పి, మధ్యలో ఉన్న ప్రశ్నని మింగేసేవాళ్ళు కోకొల్లలు.

నరేంద్రుడి కథ అందరికీ తెలిసిందే కానీ ఇక్కడ చెప్పుకోవాలి. రామకృష్ణ పరమహంస డబ్బు ముట్టుకుంటే ఒళ్ళు తట్టుకోలేదని అంటుంటే, నిజమో కాదో చూద్దామని ఆయన లేనప్పుడు పరుపు కింద ఒక రూపాయి నాణెం పెట్టాడు. ఆయన వచ్చి మంచం మీద కూర్చోబోయి ఉలిక్కిపడి లేచారు. పరుపు దులిపితే నాణెం పడింది. ఎవరు చేశారో అర్థమయ్యాక ఆయన కోప్పడలేదు సరికదా, అలా పరీక్షించడం మంచిదేనన్నారని జీవితచరిత్రలు చెప్తాయి. నాణెం మహిమ సంగతి మీరు నమ్మినా నమ్మకపోయినా, దొరికిపోయిన శిష్యుడి మీద గురువు విసుక్కోకపోవడం చూడండి. నా లెక్కలో గురువుకి ఉండాల్సిన మొదటి అర్హత అదే, తనని పరీక్షించనివ్వడం. అది లేనిచోట మిగతావి ఎన్ని ఉన్నా తెలుసుకునే దారే ఉండదు.

మీకేం కావాలో కాగితం మీద రాయండి

రెండు మూడు వాక్యాలు చాలు. ‘మనశ్శాంతి కావాలి’ అని రాస్తే మళ్ళీ రాయండి, అది మరీ వదులుగా ఉంది. ధ్యానానికి కూర్చుంటే మనసు నిలవట్లేదా? చావంటే భయం పట్టుకుందా? ఇన్నాళ్ళూ చేసిన ప్రార్థన ఉన్నట్టుండి ఎండిపోయినట్టు ఉందా? ఒక గ్రంథం చదువుతుంటే అర్థం కావట్లేదా? వీటిలో ఒక్కోదానికి ఒక్కో రకం మనిషి కావాలి. గ్రంథం బాగా చెప్పగలిగే పండితుడికి ధ్యానం చేయించడం రాకపోవచ్చు, అది తప్పేమీ కాదు.

రాసిన తర్వాత ఇది గురువు పనేనా అని ఒకసారి చూసుకోండి. వారాల తరబడి నిద్ర లేకపోవడం, బతకాలని లేకపోవడం, లేని గొంతులు వినబడటం లాంటివి ఉంటే ముందు డాక్టరు. మంచి గురువు తనే పంపిస్తారు. ‘మందులు ఆపేయ్, నామం చాలు’ అనే మనిషి దగ్గర్నుంచి మాత్రం అప్పటికప్పుడే లేచి వచ్చేయండి. రోజుకి పది గంటల ధ్యానం లాంటి గట్టి సాధనలు కొందరిలో తీవ్రమైన భయాన్ని, నిద్రలేమిని తెస్తాయి. అందుకే బాధ్యత తెలిసిన చోట చేర్చుకునే ముందు మానసిక ఆరోగ్యం గురించి అడుగుతారు. అడగకుండా డబ్బు కట్టించుకునే చోటు గురించి ఆలోచించండి.

అసలు బతికున్న మనిషే కావాలా అన్నది కూడా తేల్చుకోండి. గురు గోవింద్ సింగ్ 1708లో తన తర్వాత మనిషిని కాకుండా గ్రంథాన్నే గురువుగా నిలబెట్టారు. భాగవతంలో అవధూత ఇరవై నలుగురు గురువులని చెప్పి భూమి, గాలి, కొండచిలువ, తేనెటీగ అంటూ లెక్క చెప్తాడు. రమణ మహర్షికి అరుణాచలమే గురువు. మనిషి గురువు దొరకలేదని కుమిలిపోవాల్సిన పని లేదు, తొందరపడి ఎవరినో ఒకరిని పట్టుకోవాల్సిన పని అంతకన్నా లేదు.

మార్కులు వేయకూడనివాటికి మార్కులు వేయకండి

జనం ఎక్కువ వస్తున్నారని, గొంతు బాగుందని, గడ్డం బాగుందని మనం తెలియకుండానే మార్కులు వేసేస్తాం. వీటన్నిటికీ సున్నా వేయండి.

మహిమల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది పడేది ఇక్కడే. బౌద్ధ భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలో ఒక కథ ఉంది. రాజగృహంలో ఒక శ్రేష్ఠి చందనపు గిన్నె చేయించి ఎత్తయిన గడ చివర కట్టించి, శక్తి ఉన్నవాళ్ళు తీసుకోవచ్చు అన్నాడు. పిండోల భారద్వాజుడనే భిక్షువు గాల్లోకి లేచి దాన్ని తెచ్చాడు. ఊరంతా వెంటపడింది. ఆ గోల విన్న బుద్ధుడు అతన్ని మెచ్చుకోలేదు, చెక్క గిన్నె కోసం ఇంత ప్రదర్శనా అని గట్టిగా మందలించి, ఆ గిన్నెని ముక్కలు చేయించి, ఇకముందు గృహస్థుల ముందు మహిమలు చూపించకూడదని నియమం పెట్టాడు. అటు పతంజలి కూడా యోగసూత్రాల్లో సిద్ధులు సమాధికి అడ్డంకులనే అన్నాడు. అంటే మహిమ నిజమే అనుకున్నా అది గురుత్వానికి రుజువు కాదని ఆ దారిలో నడిచినవాళ్ళే చెప్పారు. అబద్ధమైతే ఇక చెప్పేదేముంది.

‘చూడగానే ఒళ్ళు జలదరించింది, కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి’ అనేది ఇంకో పెద్ద సాక్ష్యం. అది అబద్ధమని నేను అనను. కానీ అది మీ గురించి చెప్పే విషయం, ఆయన గురించి కాదు. మనసు బరువెక్కి ఉన్నప్పుడు మంచి పాట విన్నా అంతే జరుగుతుంది.

సంస్థ పెద్దదవ్వడం కూడా రుజువు కాదు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని పిల్లవాడిగా ఉన్నప్పుడే దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు రాబోయే జగద్గురువన్నారు, 1911లో ఆయన కోసమే ఒక సంస్థ పెట్టారు. ప్రపంచమంతా సభ్యులు, ఆస్తులు, ఎదురుచూపులు. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో ఆయన అందరి ముందూ ఆ సంస్థని రద్దు చేసి, వచ్చిన ఆస్తులు తిరిగి ఇచ్చేశారు. అలా చేయగలిగినవాళ్ళు అరుదు. మిగతా చోట్ల జనం కట్టిన పీఠం మీద కూర్చున్న మనిషి మెల్లగా అది తనదే అని నమ్మేస్తాడు.

ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఇప్పుడు ఎవరి మాట వింటారో అడగండి

ముండకోపనిషత్తు గురువుకి రెండు లక్షణాలు చెప్తుంది: శ్రోత్రియుడై ఉండాలి, బ్రహ్మనిష్ఠుడై ఉండాలి. శాస్త్రం తెలియాలి, అందులో నిలబడి ఉండాలి. రెండోది మనం కొలవలేం. మొదటిది కొంతవరకు కనుక్కోవచ్చు. ఎవరి దగ్గర, ఏం, ఎంతకాలం చదివారు? జెన్ బౌద్ధంలో గురువు శిష్యుడికి బోధించే అనుమతి ఇచ్చే పద్ధతి ఉంది, సూఫీల్లో అలాంటి అనుమతినే ఇజాజా అంటారు, ఎవరి తర్వాత ఎవరన్న సిల్సిలా ఉంది. హిమాలయాల్లో ఒక అజ్ఞాత సిద్ధుడు చెప్పాడనే సమాధానంలో కనుక్కోవడానికి ఏమీ మిగలదు, గమనించండి.

చదువు అనవసరం, అనుభవం ఉంటే చాలు అనేవాళ్ళున్నారు. పదహారో శతాబ్దపు స్పెయిన్‌లో అవిలా తెరెసా అనే క్రైస్తవ సన్యాసిని అనుభవంలో ఎవరికీ తీసిపోని మనిషి. ఆవిడే తన ఆత్మకథలో అరకొరగా చదువుకున్న మార్గదర్శకుల వల్ల తనకి చాలా నష్టం జరిగిందని రాసుకుంది. బాగా చదువుకున్నవాళ్ళు ఎప్పుడూ దారి తప్పించలేదంది.

పరంపరకి మినహాయింపులూ ఉన్నాయి, రమణులే పెద్ద మినహాయింపు. మీకు పరిచయమైన ప్రతి స్వయంప్రకటిత జ్ఞానీ రమణుడే అనుకోవడం మాత్రం సరికాదు. పైగా పరంపర ఉన్నంత మాత్రాన భరోసా రాదు, గొప్ప గురువు దగ్గర చదివి చెడిపోయినవాళ్ళూ ఉన్నారు. అందుకే రెండో ప్రశ్న నాకు ఇంకా ముఖ్యం. ఈ రోజు ఆయనకి ‘ఇది తప్పు’ అని చెప్పగలిగే మనిషి ఎవరు? తోటి గురువులున్నారా? ట్రస్టులో బయటివాళ్ళున్నారా, అందరూ బావమరుదులూ మేనల్లుళ్ళేనా? చెప్పేవాళ్ళెవరూ లేకపోతే, ఎంత మంచి మనిషైనా పదేళ్ళలో ఎటు పోతాడో చెప్పలేం.

ప్రశ్న అడగండి, జవాబుతో పాటు ముఖం కూడా చూడండి

తెలివి చూపించే ప్రశ్న వద్దు. మామూలువే అడగండి. ‘ఈ సాధన ఎవరికి పనికిరాదు?’, ‘ఏడాది చేసినా ఏమీ మారకపోతే నేనేం చేయాలి?’, ‘ఇంకొకరి దగ్గరికి కూడా వెళ్ళొచ్చా?’, ‘ఈ విషయంలో మీకు తెలియనిది ఏమైనా ఉందా?’ ఈ నాలుగూ చాలు. మొదటి ప్రశ్నకి ‘అందరికీ పనికొస్తుంది’ అన్న జవాబు వస్తే అనుమానించండి. అందరికీ సరిపోయేది ఏదీ ఉండదని కొంతమందికైనా నేర్పిన మనిషికి తెలిసే ఉంటుంది.

సభలో ఇలా జరుగుతుంటుంది, ఎప్పుడైనా కాచుకుని చూడండి. వెనక వరసలో ఒక కుర్రాడు లేచి, పోయినసారి చెప్పినదానికీ ఈసారి చెప్పినదానికీ పొంతన కుదరట్లేదండీ అంటాడు. అతను ఇంకా పూర్తి చేయకముందే ఒక కార్యకర్త చేయి చాపి మైక్ తీసేసుకుంటాడు. ముందు వరసల్లో నవ్వులు. వేదిక మీద నుంచి ‘ఇది నువ్వు అడగట్లేదు నాయనా, నీ అహంకారం అడుగుతోంది’ అని మాట వస్తుంది, చప్పట్లు మోగుతాయి. కుర్రాడు కూర్చుంటాడు. ప్రశ్న అలాగే ఉండిపోతుంది. అక్కడున్న చాలామందికి ఆ జవాబు గొప్పగా అనిపిస్తుంది కూడా. మీరు మాత్రం ఒక్కటి చూసుకోండి, పొంతన ఎలా కుదురుతుందో ఆయన చెప్పారా లేదా?

మంచి గురువులు కూడా ఒక్కోసారి కఠినంగా మాట్లాడతారు, జవాబు చెప్పకుండా ప్రశ్నని మీకే తిప్పి ఇస్తారు. తేడా ఎలా తెలుస్తుందంటే, అలాంటి కాఠిన్యం తర్వాత మీకు మళ్ళీ అడగాలనిపిస్తుంది. రెండో రకం తర్వాత నోరు మూతపడుతుంది.

పెళ్ళి, ఉద్యోగం, ఆస్తి, సన్యాసం లాంటి పెద్ద నిర్ణయాల గురించి అడిగినప్పుడు ఏం చెప్తారో మరీ శ్రద్ధగా వినండి. జెసూట్ క్రైస్తవ సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లయోలా రాసి, పోప్ 1548లో ఆమోదించిన సాధన పుస్తకంలో మార్గదర్శకుడికి ఒక సూచన ఉంది. సాధకుణ్ణి అటూ ఇటూ నెట్టొద్దు, త్రాసులో ముల్లులా మధ్యలో నిలబడు, దేవుడికీ అతనికీ మధ్య జరిగేది జరగనివ్వు అని. సన్యాసం తీసుకోమని ప్రోత్సహించడం కూడా ఆ సాధన జరుగుతున్నంతసేపు వద్దన్నాడు. ‘నువ్వు ఈ అబ్బాయినే చేసుకో’, ‘ఆ ఉద్యోగం మానేయ్’ అని ఆజ్ఞలు వేసేవాళ్ళు ఈ కొలతకి నిలబడరు.

వేదిక దిగాక చూడండి

చెప్పేవి శ్రీరంగ నీతులన్న సామెత మనకి ఊరికే రాలేదు. ప్రవచనం రెండు గంటలు, మిగతా ఇరవై రెండు గంటలు ఆయన ఎలా ఉంటారు? డ్రైవరు ఆలస్యంగా వస్తే ఏమంటారు? పెద్ద దాత, మామూలు మనిషి ఒకేసారి వస్తే ఎవరి వైపు ముందు తిరుగుతారు? తను చెప్పింది తప్పని తేలితే మర్నాడు ఆ మాట బయటికి చెప్తారా?

రమణాశ్రమంలో మహర్షి భోజనం అందరితో పాటే పంక్తిలో. వడ్డించేవాళ్ళు భక్తి కొద్దీ తనకి కాస్త ఎక్కువ వేసినా, ప్రత్యేకంగా ఏదైనా తెచ్చినా ఊరుకునేవారు కాదు, ఇస్తే అందరికీ ఇవ్వాలి. చిన్న విషయంలా కనబడుతుంది. కానీ చుట్టూ ఉన్న జనం రోజూ తనకి ప్రత్యేక స్థానం ఇవ్వాలని చూస్తుంటే ఏళ్ళ తరబడి దాన్ని వద్దనడం మాటలు కాదు.

అవకాశం ఉంటే ఏదైనా పనికి సాయం పట్టండి. కుర్చీలు సర్దే చోట, గిన్నెలు కడిగే చోట వినబడే కబుర్లలో ఆ చోటు అసలు రంగు తెలుస్తుంది.

పాతవాళ్ళతో, వెళ్ళిపోయినవాళ్ళతో మాట్లాడండి

కొత్తగా చేరినవాళ్ళ ఉత్సాహం లెక్కలోకి రాదు. పదేళ్ళుగా ఉన్నవాళ్ళని చూడండి. వాళ్ళలో ఓర్పు పెరిగిందా, బయటి మనుషులంటే చిన్నచూపు పెరిగిందా? అందరూ ఒకే రకంగా మాట్లాడుతున్నారా, ఒకే నవ్వు నవ్వుతున్నారా? ఒక్కరైనా సొంత కాళ్ళ మీద నిలబడి, గురువు ఆశీస్సులతో వేరేగా నేర్పుతున్నారా?

వదిలేసి వెళ్ళినవాళ్ళు ఇంకా ముఖ్యం. వాళ్ళ కోపంలో అతిశయం ఉండొచ్చు, అది తీసేసి వినండి. అంతకన్నా, లోపలివాళ్ళు వాళ్ళ గురించి ఏమంటారో వినండి. ‘ఆయనకి ఇక్కడ కుదరలేదు, బాగానే ఉన్నాడు’ అంటే ఫర్వాలేదు. ‘ద్రోహి, వాడికి పట్టిన గతి చూశారా’ అంటే రేపు మీ గురించి ఏమంటారో తెలిసిపోయినట్టే.

డబ్బు, శరీరం, రహస్యం

ఇక్కడ ఎక్కువ చెప్పక్కర్లేదు. సంస్థ నడవడానికి డబ్బు కావాలి, అడగడం తప్పు కాదు. ఎంతో ముందే చెప్పాలి, లెక్క చూపించాలి, ఇవ్వలేనివాళ్ళని వెలివేయకూడదు. ఇచ్చినకొద్దీ గురువుకి దగ్గర చేసే మెట్లు ఉంటే అది వ్యాపారం. ఇక లైంగికంగా ముట్టుకోవడాన్ని దీక్ష అన్నా, కృప అన్నా, తంత్రం అన్నా అది దోపిడీయే. చర్చ అవసరం లేదు, బయటికి వచ్చి నమ్మకమైన మనిషికి చెప్పండి, నేరమైతే పోలీసులకి చెప్పండి. 1993లో ధర్మశాలలో పాశ్చాత్య బౌద్ధ గురువులు దలైలామాని కలిసినప్పుడు ఈ సంగతే వచ్చింది. హెచ్చరించినా మారని గురువు తప్పుని బయటపెట్టాల్సిందేనని ఆయన కూడా అన్నారు.

రహస్యం అనే మాట వినబడితే రెండు రకాలుగా ఆలోచించండి. సిద్ధంగా లేని మనిషికి ఒక సాధన ఇవ్వకపోవడం వేరు. సంప్రదాయ కథ ప్రకారం తిరుక్కోష్టియూర్ నంబి రామానుజులని పద్దెనిమిది సార్లు తిప్పించుకుని గానీ మంత్రార్థం చెప్పలేదు. రామానుజులు వెంటనే వెళ్ళి అందరికీ వినబడేలా చాటారు, నేను నరకానికి పోయినా వీళ్ళందరూ తరిస్తారు కదా అన్నారు. ఆజ్ఞ మీరిన ఆ శిష్యుడిని చూసి గురువు పొంగిపోయి కౌగిలించుకున్నారట. మంత్రం దాచడం ఒక పద్ధతి కావచ్చు. ‘ఇక్కడ జరిగింది మీ ఇంట్లో చెప్పొద్దు’ అన్నది మాత్రం ఏ పద్ధతీ కాదు. ఫోన్లు, ఉత్తరాలు, పాస్‌పోర్టులు లాక్కునే చోటు సంగతి చెప్పనే అక్కర్లేదు. జిమ్ జోన్స్ అనే అమెరికన్ మతనాయకుడు దక్షిణ అమెరికాలోని గయానాలో తన అనుచరులతో కట్టించిన జోన్స్‌టౌన్‌లో ఉత్తరాలు చదివి గానీ పంపేవాళ్ళు కాదు, పాస్‌పోర్టులు తీసేసుకున్నారు. 1978 నవంబరు 18న అక్కడ తొమ్మిది వందల మందికి పైగా చనిపోయారు.

చిన్నగా మొదలుపెట్టి, గడువు పెట్టుకోండి

ఇవన్నీ చూశాక కూడా మనిషి నచ్చితే వెంటనే దీక్ష తీసుకోకండి. ఒక్క సాధన అడిగి తెచ్చుకోండి, ఆరు నెలలు చేయండి. టిబెటన్ సంప్రదాయంలో గురుశిష్యులు ఒకరినొకరు చూసుకోవడానికి అవసరమైతే పన్నెండేళ్ళయినా పట్టొచ్చంటారు. వచ్చే పౌర్ణమికే దీక్ష, సీట్లు అయిపోతున్నాయి అనేవాళ్ళతో మనకి పని లేదు.

ఆరు నెలలయ్యాక మీలో ఏం మారిందో మీకన్నా ఇంట్లోవాళ్ళకి బాగా తెలుస్తుంది. వాళ్ళనే అడగండి. కోపం తగ్గిందా, లేక కోపం వచ్చినప్పుడు శ్లోకాలు కూడా తోడయ్యాయా? పాత స్నేహితులతో మాట్లాడుతున్నారా? చిన్న నిర్ణయానికి కూడా గురువుని అడగాలనిపిస్తోందా? ఈ చివరిదానికి అవును అని జవాబు వస్తే ఆ మాట గురువుకే చెప్పి చూడండి. సంతోషిస్తారో, సరిచేస్తారో అదొక మంచి పరీక్ష.

వదిలి రావాల్సి వస్తే

‘మంత్రం తీసుకున్నాక గురువుని వదిలేస్తే పాపం తగులుతుందా’ అని చాలామంది బెంగపడతారు. సిద్ధార్థుడు ఇల్లు వదిలాక ఆళార కాలాముడి దగ్గర చేరాడు, ఆయన నేర్పినదంతా నేర్చుకున్నాడు. నాతో కలిసి శిష్యులని నడిపించు అని గురువు సమాన స్థానం ఇచ్చినా, తను వెతికేది అక్కడ లేదని చెప్పి వెళ్ళిపోయాడు. తర్వాత ఉద్దక రామపుత్రుడి దగ్గరా అంతే. జ్ఞానం కలిగాక ముందు ఎవరికి చెప్పాలా అని ఆలోచిస్తే మొదట గుర్తొచ్చింది ఆ ఇద్దరే, అప్పటికే ఇద్దరూ కన్నుమూశారు. గౌరవం, వదిలి రావడం రెండూ ఒకే మనిషిలో ఇమిడాయి.

కాబట్టి మామూలుగా కుదరక వస్తుంటే ఒక ఉత్తరం రాసి, కృతజ్ఞత చెప్పి వచ్చేయండి. వాదన పెట్టుకోవద్దు. నేర్చుకున్న సాధన మీకు మేలు చేస్తుంటే కొనసాగించండి, దాన్ని తిరిగి ఇచ్చేయాల్సిన పని లేదు. అన్యాయం జరిగి వస్తుంటే ఉత్తరాలూ వీడ్కోళ్ళూ అక్కర్లేదు. ముందు డబ్బు కాగితాలు, గుర్తింపు కార్డులు, మెసేజీల కాపీలు భద్రం చేసుకోండి, సమూహం బయట ఉన్న ఒకరికి విషయం చెప్పి ఉంచండి. శాపాల బెదిరింపులు వస్తే వాటినీ సేవ్ చేసి పెట్టుకోండి. కొత్త గురువు కోసం వెంటనే వెతకొద్దు, కనీసం కొన్ని నెలలు ఖాళీగా ఉండనివ్వండి.